గిన్నె పైనుండే గన్

మెదక్,
నవంబరు, 1967

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు జయానందానికి,

మీ బావకు కుడిచేయి ఇంకా లేవడం లేదు. మాట స్పష్టంగానే ఉంది. నడక వస్తుంది గాని చేతి సంగతి చెప్పలేమని దవాఖానలో డాక్టరమ్మ అన్నది. పక్షవాతంతో ఆయన పడిపోయిన రోజున చేతిలోని స్ప్రే గన్ కూడా రాతి మీద పడి పగిలింది. రెండూ ఒకేసారి పోయాయని ఆయన నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మేము రంగులు వేసే షెడ్డు గులాం మొహియుద్దీన్ సాహెబుదని నీకు తెలుసు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు జనాన్ని తీసుకుపోయే ఆయన వ్యానుకు ఏటా రంగు కొట్టేది మీ బావే. ఈసారి ఆ పని జాతరలోగా కాకపోతే షెడ్డు ఇంకో రంగుల మేస్త్రీ అస్గర్‌కు ఇస్తానని మర్యాదగానే చెప్పి వెళ్లారు. ఆయన తప్పు లేదు. మూతపడిన షెడ్డును ఎవరు ఎన్నాళ్లు చూస్తూ ఉంటారు?

నువ్వు రాణీగంజ్‌లో మోటారు సామాన్ల దుకాణంలో ఉన్నావు కనుక అడుగుతున్నాను. బండ్లకు రంగు కొట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏ గన్ మంచిది? రంగు గిన్నె కింద ఉండేదా, పైన ఉండేదా? గన్‌కు గాలి కొట్టే మా మిషను చిన్నదని గుర్తుంచుకో.

నేర్చుకునేది ఎవరని అడుగుతావు. నేనే. పుట్టీ పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం ఇన్నేళ్లూ ఆయన పక్కన నేనే చేశాను. గన్ మాత్రం పట్టలేదు. యాభై ఏళ్లకు పట్టకూడదని ఏ బైబిలు వాక్యంలోనూ నేను చదవలేదు.

రోజూ నీ కోసం మోకరించే అక్క,
సువార్తమ్మ

*

సికింద్రాబాదు,
డిసెంబరు, 1967

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం దుకాణంలో చదివి గబుక్కున జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చూపించలేదు. డ్రైవర్లు, క్లీనర్లు తిరిగే చోట నువ్వు నిలబడి రంగు కొట్టడమేమిటి? ఆ వాసనకు మగవాళ్లకే తల తిరుగుతుంది. చర్చిలో ముందు వరుసలో కూర్చునేదానివి. నలుగురూ ఏమంటారో ఆలోచించావా? మిషను అమ్మేసి బావను తీసుకుని ఇక్కడికి వచ్చేయండి. ఒక గది ఖాళీ చేస్తాను.

నా మాట వినవని తెలుసు. అందుకే మా బాలమణిని పంపుతున్నాను. మేనకోడలు చెబితేనైనా వింటావు. జాతర దాకా ఉండి బావకు సేవ చేస్తుంది, నీకు నచ్చజెబుతుంది. దాని చేతికే ఒక గన్ కూడా ఇచ్చాను. పెద్ద వర్క్‌షాపుల్లో బస్సులకు వాడేది. ఎత్తగలిగితే నేర్చుకో. లేకపోతే ఆ మాట ఇంతటితో వదిలిపెట్టు.

నీ మేలు కోరే తమ్ముడు,
జయానందం

*

మెదక్,
జనవరి, 1968

ప్రియమైన తమ్ముడు జయానందానికి,

ప్రియమైన అనే మాట ఈసారి కొంచెం కష్టపడి రాశాను.

బాలమణి క్షేమంగా చేరింది. గన్ కూడా చేరింది. మీ బావ దాన్ని ఎడమచేత్తో ఎత్తి చూసి, "గిది గన్ను కాదు, తిరుగలి రాయి" అన్నారు. గిన్నె కింద వేలాడుతుంది. నిండా పోస్తే మణికట్టు వంగిపోతుంది. రంగును కిందినుంచి పైకి లాగడానికి గాలి చాలక మా మిషను దగ్గుతుంది. మిషను చిన్నదని రాశాను కదా. దుకాణంలో ఉన్నవాడివి, తెలియక పంపావని నేను అనుకోవడం లేదు.

అయినా తిప్పి పంపను. సగం గిన్నె నీళ్లు పోసి షెడ్డు గోడ మీద కొట్టడం నేర్చుకుంటున్నాను. మీ బావ మంచం షెడ్డులోనే వేయించాను. అక్కడినుంచి ఆయన కేకలు పెడతారు. "చెయ్యి ఊపకు. చెయ్యి గట్లనే పెట్టి నువ్వే నడువు." నడుస్తూ పరలోక ప్రార్థన మెల్లగా చెప్పుకుంటాను. మాటలు తొందరపడకపోతే అడుగు తొందరపడదు, అడుగు సమంగా పడితే తడి సమంగా పడుతుంది. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకుంటే సాహెబు భార్య షమ్సున్నీసా చూసి, "ఆఖరికి మీరు గూడ పర్దాలకొచ్చిండ్రు" అని ఒకటే నవ్వు.

నీళ్లతో చేయి కుదిరాక వ్యాను వెనుక తలుపుకు రంగు కొట్టాను. ఏ పనైనా తెల్లవారుజామున ప్రార్థన కాగానే మొదలుపెట్టడం నా అలవాటు. మోకాళ్ల మీదనుంచి లేచి నేరుగా షెడ్డుకు పోయాను. ఎండ వచ్చేసరికి నీలం తలుపు బూడిద రాసినట్లు తెల్లబడి ఉంది. అప్పుడే సంఘ పెద్ద దావీదు అన్న అటు వచ్చాడు. తలుపు చూసి తల ఊపాడు.

"చెల్లె, గిది దేవుడు చూపిచ్చిన నిషాని. స్త్రీల కూటంల ప్రార్థన చేపిచ్చేదానివి, గీ లారీల షెడ్డు నీకెందుకు?"

మంచం మీద మీ బావ మాత్రం పగలబడి నవ్వారు. "ప్రభువు పొద్దుగాల్నే వింటడు గని, రంగు ఎండెక్కినంకనే వింటది" అన్నారు. మంచు తడి తగిలితే ఆ రంగు అలా తెల్లబడుతుందట.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. మెల్లగానే చెప్పాను. "నిషాని కాదన్నా, మంచు. ప్రార్థన నోటితోని చేస్తున్న, రంగు చేతితోని కొడుతున్న. రెంటికి జగడం లేదు."

తలుపు మళ్లీ రుద్ది, పొద్దెక్కాక మళ్లీ కొట్టాను. ఈసారి రంగు కారింది. కారినా నీలంగానే కారింది.

నువ్వు పంపిన బరువు మోస్తున్న అక్క,
సువార్తమ్మ

*

సికింద్రాబాదు,
ఫిబ్రవరి, 1968

అక్కకు,

నిన్న అల్లాదుర్గ్ డ్రైవరొకడు బేరింగుల కోసం వచ్చి మెదక్‌లో వింత చూశానన్నాడు. "షెడ్డుల ఇద్దరు ఆడోళ్లు మూతులకు గుడ్డలు కట్టుకొని వ్యాను చుట్టు తిరుగుతున్నరు. ఒకామె పెద్దామె. ఇంకొక పిల్ల, చెయ్యి మస్తు సాఫుగ నడుస్తుంది" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. నాకూ నవ్వక తప్పలేదు.

నువ్వొక్కదానివీ చాలక ఎవరింటి పిల్లను ఆ పనిలోకి లాగావు? రేపు ఆ పిల్ల తండ్రి వచ్చి నిలదీస్తే ఏం జవాబు చెబుతావు?

బాలమణి నీకు నచ్చజెప్పలేకపోయిందని తెలుస్తూనే ఉంది. జాతర రద్దీ మొదలుకాకముందే దాన్ని బస్సు ఎక్కించు. ఇక్కడ టైపు క్లాసులో చేర్పించాలి.

జయానందం

*

మెదక్,
ఫిబ్రవరి, 1968

ప్రభువునందు ఎప్పటికీ ప్రియమైన తమ్ముడు జయానందానికి,

ఆ పిల్ల తండ్రికి ఏం జవాబు చెబుతావని అడిగావు. ఈ ఉత్తరమే ఆ జవాబు. కూర్చుని చదువు.

నిన్న వ్యాను పూర్తయింది. సాహెబు చుట్టూ తిరిగి చూశారు, పక్కన అరచేయి పెట్టి నిమిరారు. "గాబ్రియేలు, నీ చెయ్యి లేచిందా ఏంది?" అని అడిగారు. "లేవలే సాహెబ్. నా ఇంట్ల వేరే చేతులు లేచినయి" అన్నారు మీ బావ. షెడ్డు మాకే ఉంది. అస్గర్ కూడా వచ్చాడు. బానెటు మీద రంగు కారిన చార ఒకటి వేలితో చూపించి వెళ్లాడు. చూపించనీ. అది నాదే.

బానెటు నేను కొట్టాను. రెండు పక్కలూ కొట్టింది నీ బిడ్డ బాలమణి.

నువ్వు చెప్పమన్నదంతా అది వచ్చిన వారంలోనే చెప్పింది. అడ్డు చెప్పకుండా విన్నాను. తర్వాత ఒకనాడు నా మణికట్టు వాచి గన్ కింద పెట్టేశాను. అది వచ్చి రెండు చేతులతో అందుకుంది. గోడ మీద ఒక్క చుక్క కారలేదు. "నాన్న బరువని ఇచ్చిండు గని అత్తమ్మా, బరువుంటేనే చెయ్యి వణకదు" అన్నది. మీ బావ మంచం మీద లేచి కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఎవరికీ అనని మాట అన్నారు. "గీ పిల్లకు నేను చెప్పేదేం లేదు."

నీకు ముందే రాయలేదని కోపగించుకో. రాస్తే వెంటనే వచ్చి తీసుకుపోయేవాడివి. తను వస్తానంటే ఈరోజే బస్సు ఎక్కిస్తాను. రానంటుంది. రానన్నదాన్ని తోసి పంపడం నా చేత కాదు.

అందుకని మాకు ఇంకొక గన్ కావాలి. ఏది మంచిదని ఈసారి నిన్ను అడగను, నేనే చెబుతాను. గిన్నె పైన ఉండాలి. రంగు తన బరువుకు తానే దిగితే మా మిషను గాలి చాలుతుంది. ఒక తలుపుకు సరిపడా రంగు పట్టే చిన్న గిన్నె అయితే చేయి అలిసిపోదు. కింద నొక్కే ఘోడా రెండు వేళ్లకు మెత్తగా లొంగాలి. లోపలి సూది, ముందరి నాజిల్ విప్పి కడుక్కునేటట్లు ఉండాలి, పాడైతే మీ దుకాణంలోనే దొరకాలి. ఖరీదైన విలాయతీది అక్కర్లేదు. రంగును ఉమ్మే నాసిరకమూ వద్దు. కొనేముందు నీళ్లు పోయించి గోడ మీద కొట్టించి చూడు. తడి రెండు కొసలా సమంగా పడితేనే తీసుకో.

నువ్వు పంపిన పెద్దది బాలమణి వదలనంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల గన్ నాకు.

తొందరగా పంపు. ఎల్దుర్తి పటేలు జీపు రంగు కోసం అప్పుడే వాకిట్లో నిలబడి ఉంది.

పెద్ద గన్ ఎవరు వాడుతున్నారని దుకాణంలో అడుగుతారు. "నా బిడ్డ" అని నువ్వే చెప్పు. మెల్లగా చెప్పినా ఫరవాలేదు. నేనెప్పుడూ మెల్లగానే చెప్పాను.

షెడ్డులోనుంచి నీ అక్క,
సువార్తమ్మ