పదకొండో నవలలో చనిపోయిన కెప్టెన్ విషయమై

నిన్న, సోమవారం ఉదయం పదిన్నరకు, నా కెప్టెన్ చనిపోయాడని అచ్చయి వచ్చిన నా పుస్తకంలోనే చదివి తెలుసుకున్నాను. 212వ పేజీ. అతన్ని నేను చంపలేదు. పది నవలల్లో ప్రతి తుఫానులోంచీ బయటపడేసినవాణ్ణి నేను.

ఇరవై ఆరేళ్ళు ఓడల మీద పనిచేసి, కళాసీల మీద పెద్దగా, అంటే సరంగుగా దిగి, ఆ పేరుతోనే సముద్రపు నవలలు రాసిన నేను, డెబ్బై మూడేళ్ళ వయసులో, కుడిచెయ్యి పడిపోయినా తెలివి చెడకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా చెప్పి రాయిస్తున్నాను. నిన్నటి నుంచి దిమ్మెరపోయి ఉన్నమాట నిజం. దిమ్మెరపోవడమూ మతి తప్పడమూ ఒకటి కాదని నన్ను చూస్తున్న డాక్టరు కింద సంతకం పెడుతున్నాడు. పాత వీలునామా రద్దు.

1. ఈ ఇల్లు, మేడమీది గదితో సహా, ముప్పై ఎనిమిదేళ్ళుగా నాతో ఉంటున్న మా అక్కకు. ఆమె తర్వాత ఆమె కూతురికి, అంటే నా మేనకోడలికి. వీలునామా అమలు బాధ్యత కూడా మేనకోడలిదే.

2. పదకొండో నవల మీద సర్వహక్కులూ మా అక్కవి. కారణం చెబుతాను. దస్తావేజు రాస్తున్న ఆయన “ఇవన్నీ వీలునామాలో రాయరండీ” అంటున్నాడు. రాయమన్నాను.

మార్చిలో నా చెయ్యి పడిపోయేసరికి నవల పద్నాలుగో అధ్యాయంలో ఉంది. అక్కడితో ఆగిపోయిందనే అనుకున్నాను. నా పుస్తకాలన్నిటికీ శుద్ధప్రతి రాసేది అక్కే. ప్రచురణకర్త ఎప్పుడూ చూసింది ఆమె దస్తూరీనే. అందుకే మిగతా ఆరు అధ్యాయాలు అందినప్పుడు ఆయనకు అనుమానం రాలేదు. నాకు 168వ పేజీలో వచ్చింది. అక్కడ లంగరు వేసిన ఓడ, లంగరు ఎత్తకుండానే బయల్దేరింది. అలా ఓడ నడపగలిగే మనిషి మా ఇంట్లో ఒక్కరే. రేవులో పడవను చూసినా కడుపులో తిప్పే మా అక్క.

అడిగాను. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది: “అవున్రా, నేనే. ఎన్నాళ్ళు వేలాడతాడు వాడు తాళ్ళు పట్టుకుని? బతికుండగా సరంగు కూడా కాలేదు. పోయాక నువ్వు కెప్టెన్ని చేశావు. సరే, సంతోషం. కానీ ప్రతి పుస్తకంలోనూ మళ్ళీ బయల్దేరదీశావు. పదిసార్లు ఎదురుచూశాను. ఇంక నా వల్ల కాదు.”

ఆ కెప్టెన్ మా బావ. సరుకు ఓడ మీద కళాసీ. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట డెక్కు మీదికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఓడరేవు కార్యాలయం రికార్డులో ‘కనబడలేదు’ అని రాశారు. నేనప్పుడు వేరే ఓడలో ఉన్నాను. ఇల్లు చేరేసరికి నాలుగు నెలలు గడిచాయి. తర్వాత నవలలు రాస్తూ, అక్క కోసం ఆయన్ని ప్రతిసారీ ఒడ్డుకు చేర్చాను. అది నేను ఆమెకిచ్చే కానుక అనుకున్నాను.

ఆమె రాసిన చివరి అధ్యాయంలో సముద్రం లేదు. కార్యాలయం వరండా, బల్ల మీద ఆరుగురు ఆడవాళ్ళు, చంకలో జ్వరంతో ఉన్న పిల్ల, “వార్త వస్తే మేమే చెబుతాం, వెళ్ళండమ్మా” అనే గుమాస్తా. ఆ వరండా నా పది నవలల్లో ఎక్కడా లేదు. అలాంటిదొకటి ఉందనే నాకు తెలియదు. ఆ పిల్ల నా మేనకోడలు.

3. కెప్టెన్ చనిపోయినవాడుగానే ఉండాలి. నా తర్వాత ఎవరూ, ఏ పేరుతోనూ, అతన్ని బతికించి నవల రాయకూడదు. నిన్న సాయంత్రం ప్రచురణకర్త ఫోన్ చేసి, “చెక్క పట్టుకుని తేలాడని రాస్తే సరిపోతుంది గురువుగారూ, పన్నెండోది మొదలెట్టేద్దాం” అన్నాడు. ఆయన కోసమే ఈ నిబంధన.

4. అచ్చుతప్పులు తప్ప అక్క రాసిన ఆరు అధ్యాయాల్లో ఏదీ మార్చరాదు. ఆ లంగరు మాత్రం ఎత్తించండి. అట్ట మీద ఉన్నది నా పేరు.

5. దుర్భిణి మా తమ్ముడికి. “అన్నయ్యవన్నీ నీళ్ళ మీద రాతలు” అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. దగ్గరగా పెట్టుకుని చదువుకుంటాడు.

6. ఇత్తడి బారోమీటరు ప్రచురణకర్త చాలాసార్లు అడిగాడు. గాలివాటం కనిపెట్టడానికి ఆయనకు యంత్రం అక్కర్లేదు. అది డాక్టరుకు.

7. నా ఊలు కోటు అక్కకు. చలికాలం అడగకుండానే తీసుకుంటుంది. ఇక అడగనక్కర్లేదు.

8. రేపు, బుధవారం ఉదయం పదిన్నరకు, ఓడరేవు కార్యాలయంలో ‘కనబడలేదు’ అన్నచోట ‘మరణించారు’ అని రాయమని అక్క దరఖాస్తు ఇస్తుంది. దగ్గరి బంధువుగా నేను ఎడమచేత్తో సంతకం పెడతాను. మేనకోడలు సెలవు పెట్టింది. పన్నెండో నవల ఒప్పందం పట్టుకుని ప్రచురణకర్త మా ఇంటికి వస్తానన్నది కూడా పదిన్నరకే. ఇంటికి తాళం వేసి ఉంటుంది.

2019 నవంబరు 12, మంగళవారం.

(ఎడమచేతి సంతకం)
సరంగు

సాక్షులు:
1. నాకు వైద్యం చేస్తున్న డాక్టరు
2. మేడమీది గదిలో అద్దెకుంటున్న దర్జీ