సున్నం వేసిన దుంగ

జనవరి 6, 2026

ముప్ఫయ్యో రీడింగ్. 62 వచ్చింది. తక్కువే. చలికాలం కదా, దుంగకూ బద్ధకమే.

నుమాయిష్ ఎగ్జిబిషన్ జనంతో నాంపల్లి మెట్రో నుంచి కాలేజీకి పది నిమిషాల దారి నలభై నిమిషాలు పట్టింది. ఫిబ్రవరి దాకా ఇదే గోల.

జనవరి 7

నళిని మేడం, అంటే నా గైడ్, థీసిస్ టైటిల్ రెండోసారి మార్చింది. మొదట ‘అడవులు’. తర్వాత ‘అడవులు, పట్టణాలు’. ఇప్పుడు ఉత్త ‘పట్టణం’. తప్పు ఆమెది కాదు. నల్లమల అంచున, కూలిన చెట్ల దుంగలు పన్నెండు ఎంచుకుని అల్యూమినియం బిళ్లలు కొట్టి వచ్చాను. దుంగ కుళ్లుతుంటే అందులోని కార్బన్ ఎంత గాలిలో కలుస్తుంది, ఎంత మట్టిలోకి దిగి అక్కడే ఉండిపోతుంది, అదీ నా ప్రశ్న. పుస్తకాల్లో లెక్కలన్నీ మంచు దేశాలవి. మన దగ్గర ఎవరూ ఎందుకు కొలవలేదో నాకు ఏడాదిలోనే తెలిసింది. తొమ్మిది దుంగలు పొయ్యిల్లోకి పోయాయి. మూడు ఎండాకాలం మంటల్లో పోయాయి. ఊళ్లో వీరమ్మ అనే ఆమె తొమ్మిది బిళ్లలూ జాగ్రత్తగా ఊడదీసి, కవర్లో దాచి నాకు అప్పజెప్పింది. బిళ్లలు నీవి, కట్టె మాది అంది. న్యాయమే.

మిగిలింది కాలేజీ వెనక వేప దుంగ ఒక్కటే. 2023 వానల్లో కూలింది. నెలనెలా అయిదో తారీఖున దాని మీద బక్కెట్ బోర్లించి, అంచు చుట్టూ తడిమట్టి మెత్తుతాను. లోపల చిన్న కప్పులో ఆల్కలీ. దుంగ వదిలే గాలిని అది పట్టుకుంటుంది. ఆరున తీసి, రోజులో ఎన్ని మిల్లీగ్రాములు వదిలిందో ల్యాబ్‌లో లెక్క కడతాను. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లా అని మా అమ్మ అడుగుతుంది. నేనూ అడుగుతాను.

ఏప్రిల్ 30లోగా థీసిస్ ఇవ్వాలి. రెండు ఎక్స్‌టెన్షన్లు వాడేశాను. మూడోది లేదు.

జనవరి 19

ఫిబ్రవరి 5న ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తుందట. ప్రిన్సిపాల్ వామన్‌రావు గారు క్యాంపస్ అంతా తిరిగి లిస్టు రాశారు. ఎండినవి, విరిగినవి, కుళ్లినవి ఏవీ కనబడకూడదట. వెళ్లి బతిమాలాను. చూద్దాం అన్నారు. ఆయన చూద్దాం అంటే తీసేస్తామనే.

జనవరి 24

జ్వరం.

జనవరి 27

జ్వరం. తోటమాలి గట్టయ్యకు ఫోన్ చేసి దుంగ జాగ్రత్త అన్నాను. ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంటా అన్నాడు. మా నాన్న వయసు. మాట ఇస్తే తప్పడు.

ఫిబ్రవరి 3, ఉదయం 8

దుంగకు సున్నం వేశారు.

తెల్లగా, మొదటి నుంచి చివరి దాకా. రెండు కొనలకూ ఎర్ర జాజు పట్టీలు. గేటు దగ్గర నిలబడి ఉన్న చెట్లకు ఎలా వేశారో, పడి ఉన్న దీనికీ అలాగే.

ఫిబ్రవరి 3, ఉదయం 10

గట్టయ్య మీద నోరు పారేసుకున్నాను. బుద్ధి ఉందా అన్నాను. ముప్ఫై నెలల పని సున్నంలో కలిసింది అన్నాను. ఇద్దరు పిల్లలు నిలబడి చూశారు. గట్టయ్య బ్రష్ కింద పెట్టాడు.

“గీన్ని తీసేయుమన్నడు బిడ్డా ప్రిన్సిపాల్ సారు. సున్నమేస్తే చెట్ల లెక్కల్నే పడ్తది, ఎవ్వలు ముట్టరని ఏసిన.”

చుట్టూ చూశాను. క్యాంటీన్ వెనకున్న రెండు ఎండు మోళ్లు లేవు. శనివారమే కోసి ట్రాక్టర్‌లో పంపేశారట. దీన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు. సున్నం వేసింది కాబట్టి.

సారీ చెప్పాలి. చెప్పలేదు.

ఫిబ్రవరి 5

కమిటీ వచ్చింది, పోయింది. అందులో ఒకాయన షూ లేసు కట్టుకోవడానికి దుంగ మీద కూర్చున్నాడు. లేచేసరికి ప్యాంటు వెనక తెల్లటి ముద్ర. వామన్‌రావు గారు కర్చీఫ్‌తో దులపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించారు. ఈ నెలలో నాకు దక్కిన సంతోషం అదొక్కటే.

సాయంత్రం బక్కెట్ బోర్లించాను. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 6

4.

రెండుసార్లు చేశాను. 4.

పచ్చి సున్నం కూడా ఆ గాలిని మింగుతుంది. పైనున్న బూజును చంపుతుంది. రెండూ జరిగాయి. ఏది ఎంతో విడదీసి చెప్పలేను. గట్టయ్య ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడి ఎంత వచ్చిందని అడిగాడు. దుంగ ఊపిరి దాదాపు ఆగిపోయింది అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

“నేనే సంపిననా బిడ్డా?”

అది చచ్చి మూడేళ్లయింది కదా అన్నాను. మరి చచ్చినదానికి ఊపిరి ఏందని అడిగాడు. దానిలో బతికేవి తీసే ఊపిరి అని చెప్పాను. అంటే దుంగ సచ్చింది గానీ ఖాళీగా లేదన్నట్టు, అన్నాడు. ఔనన్నాను.

నా మొదటి చాప్టర్ పదహారు పేజీలు. అందులో ఉన్నది ఇదే.

ఫిబ్రవరి 16

దుంగ మీద సున్నం తగ్గుతోంది. వాన లేదు.

ఫిబ్రవరి 18, ఉదయం 6.30

త్వరగా వచ్చాను. గట్టయ్య కొబ్బరి పీచుతో దుంగను తోముతున్నాడు. నీళ్లు చల్లడం, తోమడం, గుడ్డతో అద్దడం. పసిపిల్లకు స్నానం చేయిస్తున్నట్టు ఉంది. కమిటీ పోయిన మర్నాటి నుంచి రోజూ ఇదే పనట. వేళ్లు సున్నానికి పగిలి ఉన్నాయి.

ఇప్పుడు నీళ్లు కూడా కలిశాయి. ఎక్స్‌పెరిమెంట్ పరంగా ఇది రెండో నాశనం. మధ్యాహ్నం మొజంజాహీ మార్కెట్ దాకా పోయి వేళ్లకు మందు తెచ్చి ఇచ్చాను. సారీ కూడా చెప్పాను.

మార్చి 6

19.

గట్టయ్యకు చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టి, పదిహేను పెరిగింది అన్నాడు.

మార్చి 11

బషీర్‌బాగ్‌లో నళిని మేడం ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చి నెమ్మదిగా చెప్పింది. జనవరితో ఆపేయమంది. ముప్ఫై రీడింగులు చాలు, ముప్ఫై ఒకటోది ఉందని ఎవరికీ తెలియదు. సున్నం సంగతి రాస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వెనక్కి పంపొచ్చు. పంపితే సరిచేసే గడువు లేదు, రిజిస్ట్రేషన్ పోతుంది, ఆరేళ్లు పోతాయి. నా మంచికే చెబుతోంది.

ఇంటికొచ్చి జనవరి దాకా గ్రాఫ్ గీసి చూశాను. ఎంత అందంగా ఉందో.

ఏప్రిల్ 6

38.

ఏప్రిల్ 7

మట్టి తీశాం. గట్టయ్య, నేను. దుంగ కింద అడుగు లోతు నుంచి ఒకటి, రెండు మీటర్ల అవతల అదే లోతు నుంచి ఇంకొకటి. చూడగానే తేడా తెలిసింది. అవతలిది ఎర్రగా, పొడిగా ఉంది. కిందది నల్లగా ఉంది, పిడికిట్లో నొక్కితే ముద్దయింది. గట్టయ్య వాసన చూసి, అడవి మట్టి అన్నాడు.

ఏప్రిల్ 10

కార్బన్: దుంగ కింద 1.9 శాతం. అవతల 0.8.

సున్నం అంత లోతుకు దిగలేదు. ఆసిడ్ వేసి పరీక్షించాను; సున్నం ఉంటే పొంగుతుంది, పొంగలేదు. పైన ఎవరు ఏం పూసినా, ఏం కడిగినా, కిందికి దిగింది దిగింది. గాలిలోకి పోయేదే చూస్తూ మూడేళ్లు కూర్చున్నాను. ఉండిపోయినది నా కాళ్ల కింద ఉంది.

కాసేపు ఏడ్చాను. ఎందుకో రాయను.

ఏప్రిల్ 14

నాలుగో చాప్టర్‌లో ఒక పేజీ చేర్చాను. దుంగకు సున్నం వేశారు. వేసింది తోటమాలి. కారణం: దాన్ని తీసేయకుండా కాపాడటానికి. తర్వాత కడిగింది కూడా అతనే. రీడింగులు 4, 19, 38.

మేడం ‘కారణం’ వాక్యం కొట్టేసింది. ఇది సైన్స్ కాదంది. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేసింది. మళ్లీ రాశాను. తల పట్టుకుని సంతకం పెట్టింది.

ఏప్రిల్ 30

ఇచ్చేశాను. వెనక్కి వస్తే వస్తుంది.

ఇక కొలవాల్సిన పని లేదు. బక్కెట్ కడిగి గట్టయ్యకు ఇచ్చేశాను, మొక్కలకు పనికొస్తుందని.

మే 6, ఉదయం 7

లైబ్రరీ పుస్తకాలు ఇవ్వడానికి వెళ్లాను. దుంగ మీద బక్కెట్ బోర్లించి ఉంది. చుట్టూ తడిమట్టి మెత్తి ఉంది. నేను పెట్టలేదు.

తీసి చూశాను. లోపల నా ఆల్కలీ కప్పు ఉండే చోట స్టీలు గ్లాసు, అందులో మంచినీళ్లు. గట్టయ్య పైపు పట్టుకుని దూరం నుంచి చూస్తున్నాడు, ఎంత వచ్చిందన్నట్టు.

గ్లాసు ఒలకకుండా పట్టుకుని ల్యాబ్‌కి వెళ్లాను.