పద్నాలుగు వాటాల ఇల్లు

బందరు, 26-11-1958

నాన్నగారికి నమస్కారాలు. నేను కులాసా.

నాయనమ్మ కంటి వైద్యానికి వచ్చి మా లోగిట్లో ఉండవచ్చునా అని అడిగారు. ఆసుపత్రి దగ్గరే, పంపు వాకిట్లోనే, పద్నాలుగు వాటాల్లో డెబ్బైమంది మనుషులం. దొంగల భయం లేదు. కాని ఒక సంగతి రాయక తప్పదు. నా పక్క గదిలో శేషమ్మగారనే ముసలావిడ ఒంటరిగా ఉండేవారు. మొన్న ఏకాదశినాడు తలుపు తీయకపోతే ఉపవాసం కదా, పడుకున్నారనుకున్నాం. ద్వాదశినాడు ఆవిడను ఎవరో ఒకరు భోజనానికి పిలవడం ఇక్కడి ఆనవాయితీ. మర్నాడు పంపు దగ్గర సావిత్రిగారు, "పిన్నిగారు నిన్న మీ ఇంట్లోనే భోంచేశారుగా?" అంటే, "అయ్యో, మీరు పిలిచారనుకున్నానండీ!" అన్నారు లక్ష్మమ్మగారు. తలుపు పగలగొట్టాం. గడప దాకా పాక్కుంటూ వచ్చి పడిపోయారు. ప్రాణం పోయింది మేం తలుపు పగలగొట్టిన రోజు తెల్లవారుజామునేనట. గోడకు ఇవతల నేను రెండు రోజులూ పద్యాలు పైకి చదువుతూనే ఉన్నాను.

ఇంటాయన ఆ గదికి సున్నం కొట్టించి నాయనమ్మకు ఇస్తానంటున్నాడు. వద్దు. చెల్లాయి దగ్గు తగ్గిందా? అమ్మకు నమస్కారాలు. ఈ కార్డు నాయనమ్మకు చదివి వినిపించకండి. వేరే గది దొరకలేదని, నా గదిలోనే ఉండాలని చెప్పి తీసుకురండి.

మీ కుమారుడు,
చంద్రమౌళి