తియ్యటి గొంతు వద్దన్నాను

అక్కా, నువ్వు పోయి ఏడాదైన ఈ రోజు, నవ్వు ఆపుకోలేక నీకు రాస్తున్నాను.

నా బిడ్డ సునీత ఒకటి ఎంచుకొమ్మని రెండు హెడ్‌ఫోన్లు తెచ్చి, మల్దకల్ గుడిలో నువ్వు పాడిన భజన రికార్డింగు వినిపించింది. మొదటిదాంట్లో మద్దెల గుండె అదిరేలా మోగింది. నీ గొంతు తేనెలా ఉంది.

"గిదే తీస్కో అమ్మా, మస్తుగున్నది."

రెండోది ఏమీ కలపదట, ఉన్నదున్నట్టే వినిపిస్తుందట. అందులో నీ గొంతు బొంగురుగానే ఉంది. చరణానికి ముందు, ఇందాక మద్దెల హోరులో మునిగిపోయిన నీ గుసగుస కూడా వినబడింది.

"ఏ మల్లీ, తాళం గట్ల ఉరికియ్యకే! స్వామికేమన్న బస్సున్నదా?"

పకపకా నవ్వాను.

"ఏమైందే అమ్మా?"

"నాకు గిదే కావాలె. గిందులనే మీ పెద్దమ్మ నన్ను తిడుతున్నది."

ఈ కాగితం నీ కంచు తాళాల సంచిలో పెడుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో, భజనవాళ్లకు చూపకు. నేను ఇప్పటికీ తాళం ఉరికిస్తూనే ఉన్నాను.