ఓ నెగటివ్ ఎవరూ లేరన్న ఫారం

శుక్రవారం, రాత్రి

పొద్దున నేను చేవెళ్లలో మా రక్తదాతల సంఘం ఆఫీసు తలుపు తీయగానే, దవాఖాన నుంచి నర్సు సుజాతక్క ఫోన్ చేసింది. "కాన్పు కష్టమైంది చెల్లె, ఓ నెగటివ్ కావాలె. జర జల్ది చూడు."

కంప్యూటర్‌లో దాతల ఫారం తెరిచి బటన్ నొక్కితే ఒక్క పేరూ రాలేదు. నమ్మబుద్ధి కాక, ఫిల్టర్ తీసేసి పేర్లన్నీ కళ్లతోనే వెతికాను. ఎంకపల్లి రైతు అంజయ్య కనిపించాడు. ఆయన గ్రూపును ఎవరో "ఓ మైనస్" అని టైపు చేశారు. ఆ బటన్ వెనక నేను రాసిన మాక్రో, అంటే పేర్లు వెతికిపెట్టే చిన్న ప్రోగ్రాం, "ఓ నెగటివ్" అన్న మాటనే వెతుకుతుంది.

అంజయ్య గంటలో స్కూటర్ మీద వచ్చి రక్తమిచ్చాడు. "రెండేండ్ల సంది ఒక్క ఫోన్ రాలే బిడ్డా. నా పేరు కొట్టేసిండ్రనుకున్న," అని నవ్వాడు.

తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్లట! సాయంత్రం మాక్రో రెండు మాటలనూ వెతికేలా మార్చాను. ఇప్పుడు నలుగురి పేర్లు వస్తున్నాయి. మనసు నిండుగా ఉంది.

కానీ పోయిన నెల మొయినాబాద్ నుంచి ఒకాయన ఓ నెగటివ్ రక్తం అడిగితే, ఇదే బటన్ నొక్కి "ఎవ్వరు లేరన్నా" అని చెప్పాను. వాళ్ల మనిషికి తర్వాత ఏమైందో అడగనే లేదు. రేపు ఫోన్ చేయాలి.