ఎలుకలు కొరకని తివాచీ

అత్తమ్మా, థుక్పా సూపు పొయ్యి మీదుంది, వేడి చేసుకు తినండి. మగ్గం గదికి తాళం వేశాను, తిట్టుకోకండి.

నేను పుట్టింటికెళ్ళి వచ్చేసరికి ఎంత పని చేశారు! తివాచీ చూసి గుండె ఆగినంత పనైంది. ఆ బోసి చోట్లు ఎలుకలు కొరికినవి కావు, తివాచీ నేయమన్న డిజైనరమ్మ కోరి గీసిచ్చినవి! అరిగిపోయినట్టు కనబడటమే ఇప్పటి ఫ్యాషనట. మీరేమో ఇంటి పరువు పోతుందని ఒక్కటీ వదలకుండా ముడులేసి పూడ్చేశారు!

ఆవిడ సాయంత్రం చూడ్డానికొస్తోంది. ఈలోపే గడువడగడానికి బౌద్ధ బజారులో ఆవిడ కొట్టుకు పోతున్నా.

యాంగ్‌జోమ్

తా.క. పెళ్ళయిన కొత్తలో నా ముడులు వదులని అన్నీ విప్పించేవారు, గుర్తుందా? ఇందాక మీవి విప్పుదామని కత్తెర పట్టుకు కూర్చున్నాను. మీవేవో, నావేవో తెలియలేదు.