ముక్కుకు వచ్చిన ఉద్యోగం

మార్చి 3, సోమవారం

చెల్లెలితో పడక, డెబ్బై ఏళ్ల వయసులో నేను ఉద్యోగం వెతుక్కుంటున్నానని మేడ మీది మేష్టారు ప్రచారం చేస్తున్నారు. తప్పు. మాకు చిన్నప్పటినుంచీ పడదు. నా వయసు అరవై తొమ్మిది. ఉద్యోగాలే నన్ను వెతుక్కుంటూ వచ్చాయి, అదీ రెండు.

ఒకటి కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో. పది నుంచి మూడు వరకు కుర్చీలో కూర్చుని రికార్డులు దిద్దడం. రెండోది నేను ముప్పై ఏళ్లు పనిచేసిన డెయిరీలో, తెల్లవారుజామున ఐదింటి నుంచి పదిన్నర దాకా షిఫ్టు. క్యాన్ మూత తీయగానే వంగి వాసన చూసి, ఆ పాలు తీసుకోవాలో తిప్పి పంపాలో చెప్పాలి. ఎన్ని మెషీన్లు వచ్చినా మొదటి మాట ముక్కుదేనట. గురువారం ట్రయల్‌కు రమ్మన్నారు.

మార్చి 4

చెల్లెలికి చూపు మందగించింది. ఆరింటికి కాఫీ తాగుతూ పేపరు నేనే చదివి వినిపించాలి. డెయిరీ మాట ఎత్తగానే, పదకొండింటికొచ్చి చదివితే వార్తలు చల్లారిపోతాయే అక్కా, కాలేజీకే పో, కుర్చీ అయినా ఇస్తారు అంది. నీ ముక్కు నా సంగతుల్లో దూర్చడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని కూడా అంది.

నిజంగానే పనికిరాదా? తెలుసుకోవాలని ఉంది.

మార్చి 6, ఉదయం 8

ఇరవై క్యాన్లు. అన్నిటిలోనూ ఒకటే ఘాటు. అన్నీ చెడ్డవని చెప్పబోయి ఆగాను. తేడా పాలలో లేదు, నా మోకాళ్లలో ఉంది. నిన్న చెల్లెలు పట్టించిన బామ్. షిఫ్టు ఉన్న రోజుల్లో వాసన సబ్బు కూడా ముట్టనిదాన్ని, ఆ నియమమే మరిచాను. సూపర్‌వైజరు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. శుభ్రంగా కడుక్కుని రేపు రండి మేడమ్ అంది, నవ్వు ఆపుకుంటూ. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం 7

బామ్ పట్టించే ఆ అరగంటలోనే చెల్లెలు మనసులో మాటలన్నీ చెబుతుంది. పోయిన వాళ్లాయన ఊసు కూడా అప్పుడే ఎత్తుతుంది. చేతులు ఆగితే మాటా ఆగుతుంది. ఇవాళ నొప్పి లేదని అబద్ధమాడాను. మనిషి చిన్నబోయింది.

మార్చి 7

ఏడో క్యాన్‌లో ఉల్లికాడ వాసన, దారమంత సన్నగా. మెషీన్ మాత్రం పాలు బాగున్నాయంది. సూపర్‌వైజరు తానూ వంగి చూసి, క్యాన్ పక్కన పెట్టించింది. ఆ ఆవు ఏ గట్టున ఏం మేసిందో అని ఇంటికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మార్చి 9

కాలేజీవాళ్లకు జవాబు చెప్పావా అని చెల్లెలు అడిగింది. ఆలోచిస్తున్నానన్నాను.

మార్చి 10

చెల్లెలు బామ్ సీసా తెచ్చింది. మూత తీయవద్దు, ఉత్త చేతులతో రుద్దమన్నాను. సీసా పక్కన పెట్టి, రుద్దడం మొదలుపెట్టింది. పేపరు ఇక పదకొండింటికా అని మాత్రం అడిగింది.

డెయిరీలో ఏడో తారీఖునే సంతకం పెట్టి వచ్చాను.